ఇన్‌వర్డ్ నంబరు 1147

కవరు మీద ఎర్రసిరాతో "గోప్యం" అని రాసి
కింద రెండు గీతలు కొట్టింది.
రెండో గీత వంకర పోయింది,
పరకాల బస్సుల నిలబడి గీసినట్టున్నది.

నేను హనుమకొండ ఆఫీసుల తపాలా గుమాస్తాను.
ఇరవై రెండేండ్ల నుంచి నా పని ఒక్కటే,
వచ్చిన కాగితానికి తేదీ వేసుడు.
లోపల ఏమున్నదో నాకెందుకు?
కని రిజిస్టర్ల "ఎవరి నుంచి" అని ఒక గడి ఉంటది,
ఖాళీగ ఇడిస్తే ఆడిటోళ్లు ఊకోరు.
రాసిన:
దూడపాక సునంద, కాటా ఆపరేటర్, ధాన్యం గోదాము, పరకాల.

పేరు లేకుండ రాయకపోయినవా అమ్మా, అన్న.
పేరు లేని ఫిర్యాదును చట్టం ముట్టదు సార్,
చదివే వచ్చిన, అన్నది.

ఆమె పోయినంక నేను గూడ చదివిన,
అద్దాలు తుడుచుకొని, ఫోన్ల.
ఉన్నది. నిజంగనే ఉన్నది.
రెండు సభలు ఒప్పుకున్నయి, రాష్ట్రపతి సంతకం పడ్డది,
పేరు బయటపెట్టినోనికి జైలని గూడ ఉన్నది.
మొదటి సెక్షన్ మూడో ముక్క కాడ నా ఏలు ఆగింది:
ప్రభుత్వం గెజిట్ల ప్రకటించిన తేదీ నుంచి అమలు.
ఆ తేదీ కోసం రెండు వేల పద్నాలుగు నుంచి
ఒక్కో ఏడు దేవులాడుకుంట వచ్చిన,
నాకైతే దొరకలే.
ఇన్‌వర్డ్ అయింది, అవుట్‌వర్డ్ కాలే.
గసొంటి కాగితాలు ఏ బీరువాల ఉంటయో
నాకు తెల్వనిది కాదు.

సాహెబ్ చూసి ఫైలుకు పంపినంక ఫిర్యాదు గూడ చూసిన.
ముచ్చట చిన్నదే.
ఖాళీ లారీని కాటా ఎక్కించినప్పుడు
వెనుకాల నలుగురు హమాలీలను నిలబెడుతున్నరు.
రెండు వందల నలభై కిలోల మనుషులు
ఇనుము లెక్కల కలుస్తున్నరు.
వాళ్లు దిగి బీడీ ముట్టిచ్చుకునేటాళ్లకు
రైతు వడ్లల్ల ఆరు బస్తాలు లేవు.
"కాటా అబద్ధం ఆడుత లేదు సార్,
కాటా చేత ఆడిపిస్తున్నరు" అని ఆఖరు వాక్యం.

ఇగ నా ముచ్చట.
ఆ మంగళారం పదకొండున్నరకు
చాయ్ గిలాసలు పెట్ట జాగ లేక
రిజిస్టర్‌ను తెరిచింది తెరిచినట్టే పక్కకు జరిపిన.
గంతే.
ఎదురుంగ కుర్చీల మిల్లు మునీం కూసున్నడు,
వారం వారం వస్తడు, కారప్పూస పొట్లం తెస్తడు.
తలకిందుల అక్షరాలు సదువుడు
వాళ్లకు ఎవరూ నేర్పియ్యరు, వస్తది.

పొద్దుగూకక ముందే పరకాల బస్టాండు కాడ
లారీల మేస్త్రి ఆమెకు నమస్తే పెట్టిండట,
ఎన్నడు లేంది,
ఇంటి పేరుతోని సహా పిలిచి.

తొమ్మిదో నాడు టైపుకు నా కాడికే వచ్చింది:
"పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా", ఏటూరునాగారం.
ఆడి గోదాముల కాటా లేదు.
కొట్టవయ్యా, అండ్ల ఏమున్నది, అన్నడు సాహెబ్
ఫోన్ల నుంచి తల ఎత్తకుండ.
కొట్టిన. ఒక్క అచ్చుతప్పు పోలే.

ఆర్డరు తీసుకపోను ఆమె వచ్చినప్పుడు
జెర పైలం అందామనుకున్న.
బడికి పోయేటప్పుడు మా అమ్మ అనేది ఆ మాట,
చట్టంల రాసిన రక్షణ కన్న చిన్నది,
తేదీ అక్కరలేనిది.
అదిగూడ గొంతుల్నే ఉండిపోయింది.

ఆమె నన్ను ఏమీ అడగలే.
సంచిలకెల్లి పాత రసీదు తీసి బల్ల మీద పెట్టింది.
ముద్ర సక్కగ పడలే సార్,
తేదీ కనవడుత లేదు, మళ్లొక్కసారి కొట్టుండ్రి.

ముద్ర అద్దిన.
పక్కన ఎప్పుడూ పొట్టి సంతకం గీకుత.
ఇయ్యాల నిండు పేరు రాసిన, కందకట్ల వీరస్వామి అని.
దాని కింద ఇంకో వాక్యం రాసేది ఉన్నది,
రిజిస్టర్ గురించి, చాయ్ గిలాసల గురించి.
పెన్నుల సిరా ఉన్నది.
ఆమె చెయ్యి చాపి నిలవడ్డది.